టైలరమ్మ కోపం

మొదటిసారి ఫోన్ చేసినప్పుడు అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. వయసెంత, రోజుకు ఎన్ని సిగరెట్లు తాగుతారు, పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారు, ఇంతకు ముందు మానాలని చూశారా అని ఒక్కొక్కటే అడిగింది. టైలరమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నలభై మూడేళ్లు. పద్దెనిమిది, ఒక్కోరోజు ఇరవై. కళ్లు తెరిచిన వెంటనే. మానాలని చూడలేదు, మానమని ఎవరూ అనలేదు.

"మందులేమైనా వాడుతున్నారా అండీ?"

"వాడుతున్నాను. మనసు జబ్బుకి. ఇరవై నాలుగేళ్ల నుంచి."

అవతల కీబోర్డు టకటక ఆగిపోయింది. "ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అంది ఆ అమ్మాయి. నిమిషం కాదు, ఆరు నిమిషాలు సంగీతం వినిపించింది. తిరిగి వచ్చేసరికి గొంతు మారిపోయింది. చంటిపిల్లలతో మాట్లాడినట్టు ఒక్కొక్క మాటా సాగదీసి చెప్పడం మొదలుపెట్టింది.

"అమ్మా, మీలాంటి వాళ్లకైతే ముందు డాక్టరు గారి దగ్గర్నుంచి ఉత్తరం కావాలమ్మా. అది తెచ్చుకుంటే అప్పుడు చూద్దాం. సరేనా?"

"మీలాంటి వాళ్లంటే ఎలాంటి వాళ్లు?"

"అదే... కొంచెం ప్రత్యేకంగా చూసుకోవాల్సిన వాళ్లు."

టైలరమ్మ ఫోన్ పెట్టేసింది. ముందున్న ప్యాంటు అంచు మడిచి కుట్టింది. కుట్టు వంకర పోయింది. విప్పి మళ్లీ కుట్టింది. మళ్లీ వంకరే. కత్తెర బల్ల మీద విసిరేసి, వెనక తలుపు తీసుకుని, మెట్టు మీద కూర్చుని రెండు సిగరెట్లు వరసగా కాల్చింది. మానడానికి సాయం అడిగినందుకు ఆ రోజు ఆమె తాగినవి ఇరవై మూడు.

ఆమెది ఆల్టరేషన్ పని. కొత్త బట్టలు కుట్టదు. పొడుగైనవి కురచ చేస్తుంది, బిగుతైనవి వదులు చేస్తుంది, జిప్పులు మారుస్తుంది, చిరిగినచోట చిరిగినట్టు తెలియకుండా రఫూ చేస్తుంది. ఆ వరసలో ఉన్న కొట్లవాళ్లందరూ ఆమెను టైలరమ్మ అనే పిలుస్తారు. ఇంట్లో మాత్రం ఆమె బుజ్జి. కణతల దగ్గర జుట్టు నెరిసినా, కళ్లజోడు నంబరు రెండుసార్లు మారినా, అన్నయ్యకీ వదినకీ బుజ్జే.

పంతొమ్మిదేళ్లప్పుడు ఆమెకు జబ్బు చేసింది. కుట్టు నేర్చుకునే చోట మిషను చప్పుడులో ఎవరో తనను తిడుతున్నట్టు వినబడేది. ఆరేడు రోజులు కన్ను మూయలేదు. నాలుగు నెలలు ఆస్పత్రిలో ఉంచారు. అప్పటివరకూ ఆమె సిగరెట్టు ముట్టుకున్న మనిషి కాదు. ఆ వార్డులో పొద్దున్నే మాత్ర మింగి, నోరు తెరిచి చూపించాక, తాగేవాళ్లందరికీ వార్డు బాయ్ తలా ఒకటి ఇచ్చి వెలిగించేవాడు. వాళ్లను పదినిమిషాలు పెరట్లోకి వదిలేవాడు. తాగనివాళ్లు కిటికీ ఊచల వెనకే. రెండు వారాలు ఊచలు పట్టుకుని చూసి, మూడో వారం ఆమె కూడా చెయ్యి చాపింది. పొగ కోసం కాదు, పెరడు కోసం. ఇంటికి వచ్చాక పెరడు అక్కర్లేకపోయింది కానీ సిగరెట్టు మాత్రం వెంట వచ్చింది.

అన్నయ్య సిగరెట్టు తాగడు. అయినా సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ రోజూ ఒక పెట్టె కొనుక్కొస్తాడు. "మాత్ర వేసుకున్నావా బుజ్జీ?" అని అడుగుతాడు. వేసుకున్నాననగానే పెట్టె చేతిలో పెడతాడు. ఇరవై ఏళ్లుగా అదే మాట, అదే పెట్టె. ఆమె సంపాదన ఆమెకున్నా, తన సిగరెట్లు తను కొనుక్కోగలిగినా, ఆ పెట్టె తేవడం ఆయన మానలేదు. "పాపం, దానికున్న సుఖం అదొక్కటే" అని వదిన వచ్చినవాళ్లకు చెప్తుంది, ఆమె ఎదురుగానే.

ఆమె మానాలనుకున్నది మెట్ల దగ్గర. వాళ్ల ఇల్లు నాలుగో అంతస్తులో. లిఫ్టు లేదు. ఒక సాయంత్రం రెండో అంతస్తు మలుపులో గోడకు చెయ్యి ఆన్చి నిలబడి ఆయాసపడుతుంటే, పై వాటాలో ఉండే డెబ్భై ఏళ్ల ముసలావిడ రెండు చేతుల్లో సంచులతో పక్కనుంచి ఎక్కి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ, "నెమ్మదిగా రా తల్లీ" అని ధైర్యం కూడా చెప్పింది. మర్నాడు టైలరమ్మ మామూలు క్లినిక్కుకు వెళ్లింది. నర్సు గొట్టంలోకి ఊదించి, కాగితం చూసి, ఇది అరవై ఎనిమిదేళ్ల వాళ్ల ఊపిరి అంది. ఆ గది గోడకే అంటించి ఉంది, పొగ మానాలనుకునేవాళ్లకు ఫోన్లో సాయం చేస్తామన్న కాగితం.

ఉత్తరం కోసం మనసు డాక్టరు దగ్గరికి వెళ్లింది. మూడు నెలలకోసారి వెళ్లేదే, అన్నయ్య తోడు వచ్చాడు. ఆ డాక్టరు ఆమెకన్నా ఏడెనిమిదేళ్లు చిన్నవాడు. ఆమెను "నువ్వు" అంటాడు, పక్కన కూర్చున్న అన్నయ్యను "మీరు" అంటాడు.

"ఉత్తరం దేనికి?" అన్నాడు.

ఆమె చెప్పింది. డాక్టరు నవ్వి అన్నయ్య వైపు తిరిగాడు. "నిద్ర పడుతోంది, పని చేసుకుంటోంది, గొడవ లేదు. ఇప్పుడెందుకు తేనెతుట్టెను కదపడం? ఈ జబ్బున్నవాళ్లకి సిగరెట్టు ఒక ఆసరా అండీ. అది లాగేస్తే మనిషి నిలబడదు."

"అడిగింది నేను. ఆయన్ని చూసి చెప్తారేంటి?" అంది టైలరమ్మ.

"బుజ్జీ" అంటూ అన్నయ్య ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

ఆమె ఆ చెయ్యి తీసేసింది. "నా ఊపిరి అరవై ఎనిమిదేళ్ల వాళ్లదట. నాలుగేళ్లుగా మీ దగ్గరికొస్తున్నాను. నిద్ర గురించి అడిగారు, చెవుల్లో మాటల గురించి అడిగారు. ఈ ఛాతీలో ఏముందో ఒక్కసారైనా అడిగారా?"

డాక్టరు ఫైల్లో ఏదో రాసుకున్నాడు. మెడలో వేలాడే టేపు మీద అంకెలు తలకిందులుగా చదవడం అలవాటైన కళ్లు ఆమెవి. బల్ల ఇటువైపు నుంచే చదివేసింది. "చిరాకు పెరిగింది. గమనించాలి."

"ఈమధ్య నిద్ర సరిగ్గానే పడుతోందా?" అని డాక్టరు మెత్తగా అడిగాడు. "అవసరమైతే పసుపు మాత్ర కొంచెం పెంచుదాం."

అన్నయ్య తలూపాడు.

ఆమె కోపానికి ఎప్పుడూ జరిగే మర్యాద ఇదే. వదినకు కోపమొస్తే వదినకు కోపమొచ్చిందంటారు. అన్నయ్య గ్లాసు విసిరికొడితే ఆఫీసులో ఏదో అయ్యుంటుందంటారు. ఆమె గొంతు కాస్త పెరిగితే మాత్రం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, మాత్ర వేసుకుందో లేదో డబ్బా తీసి లెక్కపెడతారు. ఇరవై నాలుగేళ్లలో ఆమెకు ఒక్కసారి కూడా కోపం రాలేదు. వచ్చిందంతా జబ్బే.

మర్నాడు మధ్యాహ్నం ఆమె మళ్లీ ఆ నంబరుకే చేసింది. ఈసారి ఎవరో పెద్దాయన ఎత్తాడు. ఆయన నోరు తెరిచే లోపే అందుకుంది.

"ముందే చెప్తున్నా. నాకు మనసు జబ్బుంది. డాక్టరు ఉత్తరం ఇవ్వలేదు, ఇవ్వడు. చేతనైతే నాతో మాట్లాడండి, లేకపోతే మీ పై మనిషిని పిలవండి. సంగీతం మాత్రం పెట్టొద్దు."

"ఉత్తరం అక్కర్లేదమ్మా" అన్నాడాయన. "అది రూలు కాదు, మావాళ్ల భయం. మీ పేరు నేను రాసుకుంటున్నాను. ఇకనుంచి నేనే చేస్తాను. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం. మీకు ఏ టైము వీలు?"

కొట్లాటకు చీర కుచ్చిళ్లు దోపుకుని వస్తే అవతలివాళ్లు తలుపు తీసి కూర్చోమన్నట్టయింది ఆమెకు. "మూడింటికి" అంది. "అప్పుడు బేరాలుండవు."

అలా మొదలైంది. మూడయ్యేసరికి వీడియో కాల్ కోసం ఫోన్‌ను దారపు ఉండల డబ్బాకు ఆనించి పెట్టేది. తెర మీద మందపాటి కళ్లజోడు, నెరిసిన మీసం, వెనక వట్టి గోడ కనిపించేవి. ఆయన ఉపన్యాసాలు చెప్పలేదు. ఊపిరితిత్తుల బొమ్మలు చూపించలేదు. ఒక వారం పాటు ఏమీ మానొద్దని, తాగిన ప్రతి సిగరెట్టుకూ ఎందుకు తాగారో ఒక్క ముక్క రాసిపెట్టమని మాత్రం అన్నాడు. ఆమె బిల్లు పుస్తకం వెనక రాసింది. లేచాను. మాత్ర వేసుకున్నాను. అన్నయ్య ఇచ్చాడు. కోటు కుట్టడానికి ఇచ్చినావిడ అరిచింది. వదిన నన్ను పాపం అంది. ఖాళీ. ఖాళీ. అన్నయ్య ఇచ్చాడు.

"ఈ పద్దెనిమిదిలో మీకు నిజంగా కావాలనిపించి తాగినవెన్ని?" అని అడిగాడాయన.

ఆమె చాలాసేపు చూసుకుంది. "మూడు."

"మిగతావి?"

"వాళ్లకోసం తాగాను" అంది. అన్నాక ఆ మాట తనకే కొత్తగా తోచింది, ఒళ్లు మండింది.

ఒంటికి అంటించుకునే నికోటిన్ పట్టీలు పోస్టులో వచ్చాయి, నమిలే గమ్ము వచ్చింది. అయిదు వారాల్లో పద్దెనిమిది పది అయ్యాయి, పది ఆరయ్యాయి. అన్నయ్య పెట్టెలు అలమరలో పేరుకున్నాయి. పూర్తిగా మానడానికి ఒక సోమవారం పెట్టుకున్నారు.

"ఒక్క సంగతి మరిచిపోవద్దు" అని పెద్దాయన రెండుమూడుసార్లు చెప్పాడు. "పొగ తాగేవాళ్ల ఒంట్లో మీ పసుపు మాత్ర తొందరగా ఖర్చైపోతుంది. అందుకే వాళ్లకి ఎక్కువ డోసు పడుతుంది. మీరు మానేశాక అదే డోసు ఎక్కువైపోతుంది. పట్టీ వేసుకున్నా అంతే, తేడా చేసేది పొగ. మీ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. చెప్పారో లేదో నేనూ కనుక్కుంటాను."

ఆమె మనసు డాక్టరు క్లినిక్కుకు ఫోన్ చేసింది. డాక్టరు గారికి చెప్తాం, ఆయనే చేస్తారు అన్నారు కౌంటర్లో. చెయ్యలేదు. మళ్లీ చేసింది. మళ్లీ అదే మాట. రెండుసార్లూ తేదీ, టైము బిల్లు పుస్తకంలో రాసుకుంది.

సోమవారానికి ముందు శుక్రవారం, మాటల్లో మాటగా, ఆమె ఆ వార్డు సంగతి చెప్పింది. ఊచల వెనక నిలబడ్డ రెండు వారాలూ, చెయ్యి చాపిన పొద్దూ. ఎవరికీ చెప్పని విషయం. చెప్పి తలెత్తి చూస్తే తెర మీద పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

"అమ్మా, ఇది మీకు ముందే చెప్పాల్సింది" అన్నాడు. "ఈ పనికి రాకముందు నేను పదకొండేళ్లు వార్డు బాయ్‌గా చేశాను. మీ ఆస్పత్రి కాదు, అలాంటిదే ఇంకోటి. పొద్దున పెట్టె పట్టుకుని తిరిగి, సిగరెట్లు పంచి, వెలిగించినవాణ్ణి నేనే."

టైలరమ్మ చేతిలో సూది ఆగింది. "ఎంతమందికి అలవాటు చేశారు?"

"లెక్క తెలీదమ్మా."

"తెలీదా? నేను ఎన్ని కోటు గుండీలు కుట్టానో నాకు లెక్క తెలుసు. మనుషులకు లెక్క లేదా?"

"అప్పుడు మంచిపనే అనుకున్నాను. నన్ను చూడగానే వాళ్ల మొహాలు వెలిగేవి. నన్ను చూసే అనుకున్నాను."

"పెట్టెను చూసి" అంది ఆమె.

"అవును. పెట్టెను చూసే. మీ కోపంలో న్యాయముంది."

"న్యాయముందో లేదో మీరు చెప్పాలా? అక్కడ వెలిగించి ఇక్కడ ఆర్పుతున్నారా? రెండు చోట్లా మీకే పుణ్యం, మధ్యలో మా ఊపిరితిత్తులు." చేతిలో గుడ్డ పక్కకు నెట్టింది. "నాకు ఇంక ఫోన్ చెయ్యకండి. చేస్తే ఎత్తను."

ఫోన్ కట్ చేసి, ఆ నంబరును బ్లాక్ చేసి, మిషను మీద తల పెట్టుకుని కూర్చుంది.

అయినా సోమవారం మానేసింది. ఆయన కోసం కాదు, ఆయన లేకుండా మానగలనని చూపించడానికి. డాక్టరు మీద, అన్నయ్య పెట్టెల మీద, ఆ కిటికీ ఊచల మీద, అందరి మీదా ఉన్న కోపాన్ని ఒక్కచోట చేర్చి పళ్లు బిగబట్టింది. మొదటి మూడు రోజులూ చేతులు ఊరికే ఉండలేదు. కొట్లో ఉన్న పాత బట్టల గుండీ కాజాలన్నీ విప్పి మళ్లీ కుట్టింది. నాలుగో రోజుకు గాలి గొంతు దాటి ఇంకాస్త లోపలికి వెళ్తున్నట్టు అనిపించింది. అయిదో రోజు కౌంటరుకు మూడోసారి ఫోన్ చేసింది. చెప్తామన్నారు.

ఏడో రోజు నుంచి మత్తు మొదలైంది. పొద్దున లేచేసరికి దిండు లాలాజలంతో తడిసి ఉండేది. నడుస్తుంటే నీళ్లలో నడిచినట్టు కాళ్లు బరువెక్కేవి. నాలుక మందమైంది. ఏదో చెయ్యాలని, ఎవరికో చెప్పాలని తెలుసు, ఆ ఎవరో ఏమిటో పట్టు దొరికేది కాదు. పదో రోజు ఒక ప్యాంటు కాళ్లు రెంటినీ అడుగున కలిపి కుట్టేసింది. పక్క కొట్లో బట్టలమ్మే ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయి, అన్నయ్యకు కబురు పెట్టాడు.

"చూశావా" అంది వదిన. "నేను చెప్తూనే ఉన్నాను. ఆ ఫోనువాళ్లు దీన్ని మళ్లీ మొదటికి తెచ్చారు."

అన్నయ్య ఆమెను మంచం మీద పడుకోబెట్టాడు. పంతొమ్మిదేళ్ల చెల్లెల్ని ఆస్పత్రిలో వదిలి వచ్చినవాడు ఆయనే. అలమరలోంచి ఒక పెట్టె తీసి, ఒక సిగరెట్టు తన నోట్లో పెట్టుకుని, వెలిగించడం చేతకాక మూడు అగ్గిపుల్లలు పాడుచేసి, నాలుగోదానికి వెలిగించి, కళ్లలో నీళ్లొచ్చేలా దగ్గి, దాన్ని ఆమె పెదాల మధ్య పెట్టాడు.

"ఒక్కటి తాగు బుజ్జీ. నీకు బాగవుతుంది. నా మాట విను."

ఆమెకు వద్దని అరవాలని ఉంది. ఆ చెయ్యి పట్టుకుని విరిచెయ్యాలని ఉంది. నోట్లో నాలుక దూదిలా పడి ఉంది. ఒళ్లు మాత్రం దాని అలవాటు అది మరిచిపోలేదు, పీల్చింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. అన్నయ్య ఆమె తల నిమిరాడు. కళ్లంట నీళ్లు కారుతుంటే, "ఏడవకు, తగ్గిపోతుంది" అన్నాడు. అంత కోపం ఆమెకు జన్మలో రాలేదు. చూసినవాళ్లకు మాత్రం ఒక మనిషి నిశ్శబ్దంగా పడుకుని పొగ తాగుతున్నట్టే ఉంది.

మర్నాడు పొద్దున, వదిన స్నానానికి వెళ్లినప్పుడు, ఆమె గోడ పట్టుకుంటూ వెళ్లి ఫోన్ తీసుకుంది. బ్లాక్ చేసిన నంబరును వెతికి, బ్లాక్ తీయడానికి పావుగంట పట్టింది. పెద్దాయన వెంటనే ఎత్తాడు.

"పసుపు మాత్ర" అంది. మాట ముద్ద ముద్దగా వచ్చింది. "అదే డోసు. మూడుసార్లు చెప్పాను. మీ మీద కోపం పోలేదు. అన్నయ్యతో మాట్లాడండి."

అన్నయ్య ఫోన్ అందుకుని నోటికి వచ్చినట్టు తిట్టాడు. బాగున్న మనిషిని పాడుచేశారని, ముక్కూ మొహం తెలియని వాళ్లు ఫోన్లో కూర్చుని కొంపలు ముంచుతారని అన్నాడు. పెద్దాయన అడ్డు రాలేదు.

"అయిపోయిందా అండీ?" అన్నాడు చివరికి. "ఇంకా తిట్టాలంటే సాయంత్రం తిట్టండి, పడతాను. ఆవిడకు జబ్బు తిరగబెట్టలేదు. మందు ఎక్కువైంది. ఇప్పుడే తీసుకెళ్లి రక్తంలో ఆ మందు ఎంతుందో చూడమనండి. నేను కూడా డాక్టరుకు రాసి పంపుతున్నాను. ఇంకో సిగరెట్టు మాత్రం ఇవ్వకండి. మీరు ఫోన్ పెట్టేస్తే పదినిమిషాల్లో మళ్లీ చేస్తాను. మీరు బయల్దేరేదాకా చేస్తూనే ఉంటాను."

అన్నయ్య పెట్టేశాడు. పదినిమిషాలకు మళ్లీ మోగింది. మూడోసారి మోగేసరికి ఆయన చెల్లెల్ని చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతున్నాడు.

రక్తంలో మందు ఉండాల్సినదానికి దాదాపు రెట్టింపు ఉంది. డోసు తగ్గించారు. వారం తిరిగేసరికి మత్తు దిగిపోయింది. నాలుక తన నాలుకలా తిరగడం మొదలుపెట్టింది.

ఆ వారం చివర్లో మళ్లీ డాక్టరు గదికి వెళ్లారు. ఆయన కాగితాలు చూసి, అన్నయ్యతో, "ఇలా అవుతుంటుందండీ. మానే ముందు మీ చెల్లెలు మాకొక మాట చెప్పి ఉండాల్సింది" అన్నాడు.

టైలరమ్మ సంచిలోంచి బిల్లు పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. ఆయన చదవడానికి వీలుగా తిప్పి పెట్టింది.

"మూడుసార్లు చెప్పాను. తేదీ ఇది, టైము ఇది, మీ కౌంటర్లో ఆవిడ అన్న మాట ఇది. చదవండి."

డాక్టరు చదివాడు. మొహం కొంచెం ఎర్రబడింది. "నాకు అందలేదు" అన్నాడు.

"అందకపోతే తప్పు నాది ఎలా అయింది? నేను ఉత్తరం అడిగిన రోజే మీకు తెలుసు, ఈ మందుకీ పొగకీ లంకె ఉందని. ఇరవై ఏళ్లు చదివినవాళ్లు మీరు. ఆ రోజు చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. తేనెతుట్టె అన్నారు."

"చూడమ్మా, నువ్వు ఇప్పుడు కొంచెం..." అంటూ ఆయన కలం అందుకున్నాడు.

"రాయండి" అంది. "చిరాకు అని రాయకండి. కోపం అని రాయండి. ఎందుకో కూడా రాయండి. నేను ఇక్కణ్ణుంచే చదవగలను. ఇంకోటి, నేను మీకంటే పెద్దదాన్ని. నన్ను మీరు అనండి."

డాక్టరు అన్నయ్య వైపు చూశాడు. అన్నయ్య ఈసారి ఆమె భుజం మీద చెయ్యి వెయ్యలేదు, నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. డాక్టరు రాశాడు. "కోపంగా ఉన్నారు. కారణం: డోసు విషయంలో క్లినిక్ ఆలస్యం." క్షమించమని అనలేదు. ఆమె కూడా ఆ మాట కోసం ఆగలేదు, పుస్తకం తీసుకుని లేచింది.

ఇంటి మెట్లు ఎక్కుతూ అన్నయ్య ఒక మలుపులో ఆగిపోయాడు.

"నేను నీ మంచి కోరే కదా తెచ్చాను" అన్నాడు. "ఇన్నేళ్లూ."

"తెలుసన్నయ్యా. అందుకే ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను."

"ఆ రోజు నీ నోట్లో పెట్టినప్పుడు..."

"ఆ మాట ఎత్తకు. అది నాకు ఇంకా తగ్గలేదు. ఎప్పుడు తగ్గుతుందో తెలీదు."

ఆయన తలవంచుకున్నాడు. ఒక అంతస్తు ఎక్కాక చిన్నగా అడిగాడు. "మరి సాయంత్రం వచ్చేటప్పుడు నీకేం తేను?"

ఆమెకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. యాభై రెండేళ్ల మనిషి, చెల్లెలి ముందు ఒట్టి చేతులతో నిలబడడం రాక అవస్థ పడుతున్నాడు. "ఏమీ తేకు" అంది. "ఊరికే రావడం నేర్చుకో."

మానడం అంత తేలిగ్గా ఏమీ అయిపోలేదు. రెండు నెలల్లో రెండుసార్లు తప్పింది. ఒకసారి వదిన ఎవరితోనో ఫోన్లో "దానికి ఇప్పుడు నోరు కూడా లేచింది" అనడం విని, ఒకసారి ఏ కారణమూ లేకుండా. రెండుసార్లూ మర్నాడే మళ్లీ మొదలుపెట్టింది. పెద్దాయన మంగళవారం, శుక్రవారం ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఆమె ఎత్తుతూనే ఉంది.

"మీ మీద కోపం పోలేదు" అని ప్రతిసారీ ముందే చెప్పేది.

"పోవాలని నేను అడగలేదమ్మా. ఈ వారం ఎన్ని?"

"సున్నా."

ఒక మంగళవారం ఆమె చేతిలో పని పక్కన పెట్టి ఆయన్ని సూటిగా అడిగింది. "మీ వార్డులో వాళ్లంతా ఇప్పుడెక్కడున్నారు?"

"సగం మంది పోయారమ్మా. మనసు జబ్బుతో కాదు. గుండెలతో, ఊపిరితిత్తులతో. యాభై దాటినవాళ్లు తక్కువ."

"మిగతా సగం?"

"ఏడుగురి నంబర్లు సంపాదించాను. రెండేళ్లైంది."

"చేశారా?"

"లేదు. ఏమని చెయ్యను? నన్ను గుర్తుపడితే..."

"గుర్తుపడితే తిడతారు" అంది టైలరమ్మ. "నేను తిట్టలేదా? చచ్చిపోయారా? తిట్టడానికి కూడా మనిషి దొరకలేదు వాళ్లకి, తెలుసా మీకు? రెండేళ్లు నంబర్లు జేబులో పెట్టుకుని తిరుగుతూ, నాకు మాత్రం ధైర్యం గురించి చెప్తున్నారు." ఆగి ఊపిరి తీసుకుంది. ఇదివరకైతే ఇంత మాట ఒక్క ఊపిరిలో అనగలిగేది కాదు. "ఈ శుక్రవారం నాకు చెయ్యొద్దు. ఆ టైములో వాళ్లకి చెయ్యండి."

శుక్రవారం మూడింటికి ఫోన్ మోగలేదు. ఆ అరగంటా ఆమెకు సిగరెట్టు మీదే ధ్యాస. గమ్ము నములుతూ, ఒక మొండి జిప్పుతో కుస్తీ పట్టి, నాలుగింటికి దాన్ని లొంగదీసింది.

మంగళవారం ఆయన మొహం తెర మీదికి వచ్చింది. పీక్కుపోయి ఉంది.

"రెండు నంబర్లు పనిచెయ్యలేదు" అన్నాడు. "ఒకటి వాళ్ల అక్క ఎత్తింది. ఆయన పోయి ఎనిమిది నెలలైందట."

"నాలుగోది?"

"ఎత్తాడు. గొంతు వినగానే గుర్తుపట్టాడు. పావుగంట తిట్టాడమ్మా. ఒక్కటీ అబద్ధం కాదు. పెట్టేశాడు."

"మళ్లీ ఎప్పుడు చేస్తున్నారు?"

"ఎల్లుండి చేద్దామని."

"రేపు చెయ్యండి" అని, ఆమె సూదిలో దారం ఎక్కించుకుంది.